కురింజి పూలు, మా నాన్న లెక్క

కిందటి నెలలో మా మేనకోడలు వాట్సాప్‌లో ఒక ఫొటో పంపింది. కొండవాలు మీద గుడిగోపురంలా నిలబడి, లేత పసుపురంగు రేకులు అంచెలంచెలుగా వేలాడుతున్న మొక్క. దాని కింద ఎప్పుడూ వచ్చే కథే. హిమాలయాల్లో 400 ఏళ్ళకు ఒకసారి పూసే మహామేరు పుష్పమట, చూసినవాళ్ళ జన్మ ధన్యమట, పదిమందికి పంపితే శుభమట.

"మామయ్యా, ఇది నిజమేనా?" అని అడిగింది. మా బంధువుల్లో ఎవరికి ఇలాంటివి వచ్చినా చివరికి నా దగ్గరికే చేరతాయి.

ఫొటోలో మొక్క నిజమైనదే. దాని పేరు రియమ్ నోబైల్. తూర్పు హిమాలయాల్లో 4000 మీటర్ల ఎత్తున పెరుగుతుంది. మన చుక్కకూర కుటుంబమే. రేకుల్లా కనిపించేవి నిజానికి ఆకులు. అవి వెలుతురును లోపలికి రానిచ్చి, చలిని ఆపి, లోపలున్న చిన్న చిన్న పూలను గాజుగదిలో పెట్టినట్టు కాపాడతాయి. కొన్నేళ్ళు పెరిగి, ఒక్కసారి పూసి, చచ్చిపోతుందన్నది కూడా నిజమే. 400 ఏళ్ళన్నది మాత్రం కట్టుకథ. వృక్షశాస్త్రంలో ఆ మొక్కకు పేరు పెట్టిందే 19వ శతాబ్దంలో. మరి 400 ఏళ్ళ లెక్క ఎవరు రాసిపెట్టారు? కిందటిసారి పూసినప్పుడు చూసిందెవరు? ఇదే రాసి పంపాను.

ఐదు నిమిషాల్లో ఇంకో ప్రశ్న వచ్చింది. "మరి మున్నార్ పూలు పన్నెండేళ్ళకోసారి పూస్తాయని తాతయ్య చెప్పేవారు కదా, అదీ ఇలాంటిదేనా?"

ఆ ప్రశ్నకు వాట్సాప్‌లో జవాబు రాయలేకపోయాను. ఆ తాతయ్య మా నాన్నే. ఆ పూలు చూపించింది నేనే. ఆ రోజు ఆయనకు నేను చెప్పిన జవాబు ఇప్పటికీ ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

మా నాన్న లెక్కల మాస్టారు. గోదావరి ఒడ్డున ఒక హైస్కూల్లో ముప్ఫయ్యేళ్ళకు పైగా పాఠం చెప్పి 1997లో రిటైరయ్యారు. దేవుడున్నాడనే నమ్మేవారు. పంచాంగం చూడందే ప్రయాణం కట్టేవారు కాదు. 1979, 1991, 2003 గోదావరి పుష్కరాలు మూడింటిలోనూ స్నానం చేశారు. 1979లో నన్నూ ముంచారు. నేను ఇంటర్ చదివే రోజుల్లోనే హేతువాద పుస్తకాల్లో పడ్డాను. ఆ తర్వాత మా సంఘం, మీటింగులు, కరపత్రాలు. ఇంట్లో వాదనలు మీకు చెప్పక్కర్లేదు, మీలో చాలామంది ఇళ్ళలో జరిగేవే. కానీ నాన్నకు ఒక పద్ధతి ఉండేది. పరీక్షలో జవాబు సరిగ్గా ఉన్నా స్టెప్పులు రాయకపోతే ఆయన మార్కులు వేసేవారు కాదు. "జవాబు పక్కవాడి పేపర్లో కూడా దొరుకుద్దిరా, స్టెప్పులు దొరకవు" అనేవారు. సొంత కొడుకునని నాకేమీ మినహాయింపు ఉండేది కాదు.

2006 సెప్టెంబరులో అమ్మనీ నాన్ననీ మున్నార్ తీసుకెళ్ళాను. ఆ ఏడు కురింజి పూసిందని పేపర్లలో వచ్చింది, తపాలా శాఖ ఆ పువ్వుతో స్టాంపు కూడా వేసింది. ఆలువా దాకా రైలు, అక్కడినుంచి జీపు. ఎరవికులం జాతీయవనంలో రాజమల దాకా జనంతోపాటు నడిచాం. నాన్నకప్పుడు 67 ఏళ్ళు, మోకాళ్ళ నొప్పులు. అయినా ఆగకుండా నడిచారు.

మలుపు తిరిగేసరికి ఎదురుగా కొండ కొండంతా నీలం. అది ఆకాశపు నీలం కాదు, ఊదా కలిసిన నీలం. దగ్గరికెళ్ళి చూస్తే ఒక్కో పువ్వూ ఇంచుమించు అంగుళం పొడవు ఉన్న చిన్న గంట. పొద మోకాలెత్తు కూడా లేదు. అంత చిన్న పొదలు, కొండను నేల కనిపించకుండా కప్పేశాయి. వాటి మీద తేనెటీగల రొద. మధ్యలో వరయాడు మేకలు మనుషులను లెక్కచేయకుండా మేస్తున్నాయి.

అమ్మ పూజకని నాలుగు పూలు కోయబోయింది. "ఆగు. పన్నెండేళ్ళు కష్టపడి పూసింది, దాన్ని అక్కడే ఉండనీ" అన్నారు నాన్న. పూజ విషయంలో ఆయన అమ్మను ఆపడం అంతకుముందు నేను చూడలేదు.

ఆ మొక్క సంగతులు కొన్ని చెప్పి ముందుకు వెళ్తాను. నీలకురింజిని శాస్త్రంలో స్ట్రోబిలాంథెస్ కుంతియానా అంటారు. మొదటి మాటకు గ్రీకులో అర్థం శంకువులాంటి పువ్వు అని. పడమటి కనుమల్లో, నీలగిరుల్లో 1300 నుంచి 2400 మీటర్ల ఎత్తున, షోలా అడవుల పక్కనుండే గడ్డివాలుల్లో పెరుగుతుంది. మామూలుగా ఒకటి రెండు అడుగులే ఉంటుంది గానీ చోటు అనుకూలిస్తే మనిషి ఎత్తుకు కూడా లేస్తుంది. దీని కుటుంబం అకాంథేసీ. ఆ కుటుంబం మనకు కొత్తేమీ కాదు. మన ఆడవాళ్ళు మాల కట్టుకునే కనకాంబరం, చలికాలంలో పెరట్లో పూసే డిసెంబరం, దగ్గుకు కషాయం కాచే అడ్డసరం, చేదుకు పేరుపడ్డ నేలవేము అన్నీ దీని చుట్టాలే. చిన్నప్పుడు ఎండుకాయల్ని నోట్లో తడిపి టప్పున పేల్చి ఆడుకునేవాళ్ళం, గుర్తుందా? ఆ టపాకాయల మొక్క కూడా ఈ కుటుంబమే. ఈ కుటుంబంలో చాలా మొక్కలకు కాయలోపల గింజ కింద చిన్న కొక్కెం ఉంటుంది. కాయ పగిలేటప్పుడు అది గింజను దూరంగా విసురుతుంది.

తేడా అంతా పూతలోనే ఉంది. కనకాంబరం ఏడాదంతా పూస్తుంది. కురింజి పన్నెండో ఏడు దాకా ఆకులతోనే ఉంటుంది. అప్పుడు ఆగస్టు నుంచి అక్టోబరు లోపల కొండంతా ఒక్కసారి పూస్తుంది, గింజ వేస్తుంది, చచ్చిపోతుంది. ఆ గింజలే మళ్ళీ మొలిచి లెక్క మొదటినుంచి మొదలుపెడతాయి. ఇక్కడొక విషయం గమనించండి. పన్నెండేళ్ళ తర్వాత పూసేది పాత పొద కాదు, దాని పిల్ల. లెక్క నేర్పే పెద్దలెవరూ బతికి ఉండరు.

మళ్ళీ 2006కు వస్తాను. మమ్మల్ని తీసుకొచ్చిన జీపు డ్రైవరుకు తెలిసిన ఒక ముదువన్ పెద్దాయన అక్కడ కనిపించాడు. అక్కడి కొండల్లో తరతరాలుగా ఉంటున్న గిరిజనులు ముదువన్లు. నాన్న ఆయన వయసు అడిగారు, డ్రైవరు తమిళంలో అడిగి చెప్పాడు. ఆయన ఏళ్ళు చెప్పలేదు. ఐదు కురింజులు చూశానన్నాడు. పక్క కొండల్లోని పళియర్లు కూడా వయసు ఇలాగే లెక్కపెట్టుకునేవారని డ్రైవరు అన్నాడు.

నాన్న మొహం వెలిగిపోయింది. "చూశావా, మనం పుష్కరాలు లెక్కపెట్టుకున్నట్టే. ఈ పువ్వుకీ పుష్కరమేరా. బృహస్పతి ఒక చుట్టు తిరిగొచ్చేసరికి ఇది పూస్తుంది" అన్నారు.

నేను ఊరుకోవచ్చు కదా. ఊరుకోలేదు. అంతమందిలో అందుకున్నాను. గ్రహాలకూ మొక్కలకూ సంబంధం ఏమిటి, కళ్ళెదురుగా ఇంత ప్రకృతి ఉంటే దాన్ని కూడా పంచాంగంలోకి లాగాలా, చదువు చెప్పిన మనిషి ఇలా మాట్లాడితే పల్లెటూళ్ళో జనం ఏమైపోవాలి అంటూ మా మీటింగులో మాట్లాడినట్టే మాట్లాడాను.

నాన్న అంతా విన్నారు. "సరే, బృహస్పతి కాదు. మరి ఈ మొక్క ఎలా లెక్కపెడుతోంది?"

"అదంతా జన్యువుల్లో ఉంటుంది నాన్నా."

"ఉంటే? ఎలా లెక్కపెడుతుంది?"

"అదే, జన్యువుల్లో గడియారం లాంటిది."

"పదకొండో పదమూడో కాకుండా పన్నెండే ఎందుకు?"

"అలా పరిణామం చెందింది."

నాన్న ఇంకేం అడగలేదు. కాసేపు పూలవైపు చూసి, "స్టెప్పులు లేవురా" అన్నారు. అన్నాక నవ్వారు కూడా. నాకు మాత్రం కోపం వచ్చింది. తిరిగొచ్చేటప్పుడు జీపులో నేను ముందు సీట్లో కూర్చున్నాను. ఇంటికి చేరేదాకా మా మధ్య భోజనం, టిక్కెట్లు తప్ప వేరే మాటల్లేవు.

2013లో నాన్న పోయారు. దినాలయ్యాక ఆయన బీరువా సర్దుతుంటే ఒక పాత డైరీ దొరికింది. పాలవాడి లెక్క, కరెంటు బిల్లు, మందుల పేర్లు. మధ్యలో ఒక పేజీ మీద "కురింజి" అని రాసి గీత కొట్టి ఉంది. కింద వరసగా సంవత్సరాలు: 1838, 1850, 1862, 1874, 1886, 1898, 1910, 1922, 1934, 1946, 1958, 1970, 1982, 1994, 2006. మున్నార్ బజారులో కొన్న చిన్న పుస్తకంలోంచి ఎక్కించుకున్నట్టున్నారు. ఆ కింద ఆయన గుండ్రటి అక్షరాలతో లెక్క:

2006 − 1838 = 168. 168 ÷ 12 = 14 పూతలు.

గురుడు ఒక చుట్టు = 11.86 ఏళ్ళు. 14 × 11.86 = 166.04.

తేడా 1.96, అంటే ఇంచుమించు రెండేళ్ళు.

కాబట్టి గురుడు కాదు.

కింద రెండు గీతలు. ఆ గీతల కింద "మరి 12 ఎందుకు?" అని రాసి, అర పేజీ ఖాళీ వదిలారు. లెక్క పూర్తి కాకపోతే బోర్డు మీద కూడా అలాగే ఖాళీ వదిలేవారు.

ఆ పేజీ చేతిలో పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. నేను అరిచి చెప్పిన మాటను ఆయన నాలుగు లైన్లలో రుజువు చేశారు. నా మాట సరైనదే, రుజువు మాత్రం ఆయనది. గురుడి చుట్టు పన్నెండేళ్ళకు కాస్త తక్కువని పంచాంగం రాసేవాళ్ళకూ తెలుసు. 2010 తర్వాత 2022లో రావాల్సిన హరిద్వార్ కుంభమేళాను 2021లోనే జరిపారు, గురుడు కుంభరాశికి ముందే చేరాడని. కురింజి మాత్రం అలా జరగదు. కొండ మీద కచ్చితంగా పన్నెండు వానాకాలాలు గడవాలి. నాకు తెలిసిన ఈ రెండు సంగతులనూ పక్కపక్కన పెట్టి తీసివేత చేయాలని 2006లో నాకు తోచలేదు. గ్రహాలు అనగానే కోపం వచ్చింది, కోపమే జవాబనుకున్నాను. "జన్యువుల్లో ఉంది" అని నేను చెప్పిన తీరు, "నుదుటిమీద రాసి ఉంది" అని చెప్పే తీరు కంటే మెరుగేమీ కాదు.

ఆ తర్వాత నుంచి కురింజి మీద దొరికిందల్లా చదువుతూ వచ్చాను. నాన్న ఖాళీ వదిలిన అర పేజీలో ఏం రాయొచ్చో చూద్దాం.

మొదట, గురుడు కాకపోతే సూర్యుడు అనే మిత్రులు మనలో ఉన్నారు. సూర్యుడి మచ్చలు పదకొండేళ్ళకోసారి పెరిగి తగ్గుతాయి కదా, దానివల్లే అయ్యుండొచ్చని. వినడానికి శాస్త్రంలా ఉంటుంది. కానీ 1958లో కురింజి పూసినప్పుడు సూర్యుడి మీద మచ్చలు బాగా ఎక్కువగా ఉన్న కాలం. 2018లో పూసినప్పుడు దాదాపు ఏమీ లేని కాలం. కాబట్టి అదీ కాదు. ఇంకో సంగతి. అన్ని కొండలూ ఒకే ఏడు పూయవు. 2022లో ఇడుక్కిలోనే శాంతన్‌పార దగ్గర కళ్ళిప్పార కొండల మీద కురింజి పూసింది. రాజమలలో పూసిన నాలుగేళ్ళకు. ఆకాశంలోంచి ఆజ్ఞ వచ్చేదైతే రెండు కొండలకూ ఒకేసారి రావాలి. ఏ కొండ లెక్క ఆ కొండదే అంటే, గడియారం మొక్కలోనే ఉందన్నమాట.

అందరూ కలిసి ఒకేసారి పూయడం వల్ల లాభమేమిటి? దీనికి మంచి వివరణ ఉంది. వెదురు ఎందుకు అన్నేళ్ళు ఆగి పూస్తుందన్న ప్రశ్న మీద 1976లో డానియల్ జాన్‌జెన్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడు రాశాడు. ఏటా కొన్ని గింజలు వేస్తే వాటిని తినే పురుగులు, పక్షులు, ఎలుకలు ఏటా ఎదురుచూస్తూ ఉంటాయి. చాలా ఏళ్ళు ఏమీ వేయకుండా ఒకేసారి కొండంతా గింజ వేస్తే, ఎంత తిన్నా ఇంకా మిగులుతాయి. పెళ్ళిభోజనంలో పిలవని వాళ్ళు వచ్చి తిన్నా ఇంటివాళ్ళకు మిగిలినట్టు. పైగా అంత పూత ఉంటే తేనెటీగలు వేరే చోటుకు పోవు. మన పుట్టతేనె పట్టే ఈగే కురింజికి ముఖ్యమైన పరాగవాహకం.

ఈ ఏర్పాటులో ఒక షరతుంది. గుంపుతోపాటే పూయాలి. పక్క ఏడాది ఒంటరిగా పూసిన మొక్కకు తేనెటీగలూ తక్కువే, వేసిన నాలుగు గింజలూ ఎవరో ఒకరు తినేస్తారు. నాన్న అడిగిన "పదమూడు ఎందుకు కాదు?" అన్న ప్రశ్నకు దారి ఇక్కడే దొరికింది. 2015లో కార్ల్ వెల్లర్, మార్టిన్ నోవాక్, చార్లెస్ డేవిస్ అనే ముగ్గురు వెదుళ్ళ మీద ఒక పరిశోధన ప్రచురించారు. వాళ్ళ ఆలోచన పలకా బలపం చాలేంత సులభం. ఆరేళ్ళకోసారి పూసే గుంపు ఒకటుందనుకోండి. అందులో ఒక మొక్క లెక్క మారి ఏడేళ్ళకు పూసిందంటే ఒంటరిది, దాని వంశం నిలవదు. లెక్క రెట్టింపై పన్నెండేళ్ళకు పూసిందంటే? అది పూసిన ప్రతిసారీ గుంపూ పూస్తూనే ఉంటుంది. కాబట్టి బతుకుతుంది. అంటే ఈ పూతల మధ్య గడువు ఒక్కో ఏడూ కలుపుకుంటూ పెరగలేదు, చిన్న అంకెలతో గుణించుకుంటూ పెరిగింది. వాళ్ళు లెక్కించిన వెదుళ్ళలో ఒకటి 120 ఏళ్ళకు పూస్తుంది. 120 అంటే 2 × 2 × 2 × 3 × 5. మిజోరం వెదురు 48 ఏళ్ళది, 2 × 2 × 2 × 2 × 3.

కురింజి 12 అంటే 2 × 2 × 3. ముంబై పక్క అడవుల్లో దీని అక్కచెల్లెలు కార్వి ఉంది, అది ఎనిమిదేళ్ళకోసారి. 2008, 2016, 2024లో పూసింది. 8 అంటే 2 × 2 × 2. చదువుతుంటే ఆ రాత్రి నాన్న లేకపోవడం ఎంత వెలితిగా అనిపించిందో చెప్పలేను. కారణాంకాల పాఠం చెప్పేటప్పుడు ఆయన చాక్‌పీసు విరిగేలా రాసేవారు. ఈ లెక్క ఆయనకు చెప్తే పక్కింటి పిల్లల్ని కూడా పిలిచి చెప్పేవారు.

అయితే ఆయన అక్కడితో ఆగేవారు కాదు. ఎదురు లెక్క వెతికేవారు. అదీ ఉంది. మహారాష్ట్ర కాస్ పీఠభూమి మీద టోప్లి కార్వి అనే ఇంకో జాతి ఏడేళ్ళకోసారి పూస్తుంది. ఏడు ప్రధానసంఖ్య, చిన్న అంకెలుగా విడదు. అమెరికాలో నేలలోంచి 13, 17 ఏళ్ళకోసారి బయటికొచ్చే ఇలకోళ్ళవీ ప్రధానసంఖ్యలే. 2015 పరిశోధన వెదుళ్ళ మీద చేసింది, కురింజి మీద కాదు. కాబట్టి ఈ స్టెప్పుకు పూర్తి మార్కులు పడవు, సగం వేయొచ్చు.

మరి ఆయన మొదటి ప్రశ్న, ఎలా లెక్కపెడుతుంది? ఇందులోనూ ఒక మెట్టు తెలిసింది. ఆవాల కుటుంబంలో అరబిడాప్సిస్ అనే చిన్న మొక్క ఉంది. ప్రయోగశాలల్లో పెంచేది. పూత రాకుండా ఆపే జన్యువు ఒకటి దానిలో ఉంది. చలికాలం గడిచేకొద్దీ ఆ జన్యువు నోరు మూతపడుతుంది. ఎండలొచ్చాక కూడా తెరుచుకోదు. అంటే మొక్కకు చలికాలం "గుర్తుంది". ఒక్క చలికాలాన్ని మొక్క ఎలా గుర్తుపెట్టుకుంటుందో తెలిసింది. పన్నెండింటిని కురింజి ఎలా కూడుకుంటుందో ఇంకా తేలలేదు. "జన్యువుల్లో ఉంది" అని 2006లో నేను అన్నమాట తప్పు కాకపోవచ్చు. దాని వెనక నా దగ్గర ఏమీ లేదన్నదే నా తప్పు.

ఇదంతా ఇంటి గొడవ, దీనికింత రాయాలా అనుకునేవాళ్ళకు మిజోరం సంగతి చెప్తాను. అక్కడి వెదురు 48 ఏళ్ళకోసారి కొండలంతా పూస్తుంది. గింజలు రాలగానే ఎలుకలు తిని లక్షలుగా పెరుగుతాయి, గింజలైపోయాక వరి మీద పడతాయి. ఆ కరువును వాళ్ళు మౌతామ్ అంటారు. అప్పుడు ఆ ప్రాంతం అస్సాంలో ఉండేది. 1958లో మిజో పెద్దలు, వెదురు పూసే ఏడు వస్తోంది, కరువు తప్పదు, ముందే సాయం కావాలని అడిగారు. పైవాళ్ళు దాన్ని కొండజాతుల మూఢనమ్మకం కింద కొట్టేశారు. 1959లో వెదురు పూసింది, ఎలుకలు వచ్చాయి, జనం ఆకలితో చచ్చిపోయారు. కరువులో సాయం చేయడానికి పుట్టిన మిజో నేషనల్ ఫామిన్ ఫ్రంటే 1961లో మిజో నేషనల్ ఫ్రంట్ అయింది. 1966లో తిరుగుబాటు. 1986లో ఒప్పందం కుదిరేదాకా ఇరవయ్యేళ్ళు ఆ కొండల్లో శాంతి లేదు. 2007లో మళ్ళీ పూతకాలం వచ్చేసరికి, ఈసారి ప్రభుత్వమే ముందుగా ఏర్పాట్లు చేసింది.

మిజో పెద్దలు కరువుకు చెప్పుకున్న కారణం ఏదైనా కానివ్వండి, వాళ్ళ లెక్క లెక్కే. తాతలు చూసినదాన్ని గుర్తుపెట్టుకుని చెప్పారు. రాజమలలో ముదువన్ పెద్దాయన చెప్పిన ఐదు కురింజులూ అలాంటివే. వివరణ నచ్చలేదని చూసిన సంగతిని కూడా కొట్టేయడం హేతువాదం కాదు. ఈ మాట ముందు నాకు నేను చెప్పుకుంటున్నాను. నాన్న చూసింది పన్నెండేళ్ళ వరస, అది నిజం. ఆయన ఊహించిన కారణం తప్పు, దాన్ని ఆయనే దిద్దుకున్నారు. నేను రెంటినీ కలిపి విసిరేశాను.

2018 సెప్టెంబరు చివర మళ్ళీ వెళ్ళాను, ఒక్కణ్ణే. ఆగస్టులో వచ్చిన వరదలకు దారి పొడవునా కొండచరియలు విరిగిపడి ఉన్నాయి, వంతెనలు దెబ్బతిన్నాయి, హోటళ్ళు ఖాళీ. వానలకు పూత కూడా 2006లో అంత నిండుగా లేదు. అక్కడో వాలు, ఇక్కడో వాలు. అయినా పూసింది. జనం లేకపోవడంతో తేనెటీగల రొద స్పష్టంగా వినిపించింది. నాన్న కూర్చున్న రాయి ఏదో గుర్తుపట్టలేకపోయాను.

కిందికి దిగుతుంటే ఈసారి కొండలను వేరేగా చూశాను. బ్రిటిష్‌వాళ్ళ కాలం నుంచి ఈ గడ్డివాలులను బీడు అనుకుని తేయాకు వేశారు, తర్వాత నీలగిరి చెట్లు, వాటిల్ తుమ్మలు నాటారు. చెట్టు లేని చోటు పనికిరాని చోటని అనుకోవడం కూడా ఒక నమ్మకమే, దానికీ స్టెప్పులు లేవు. గడ్డి పోతే కురింజి పోతుంది. పూత లేని పదకొండేళ్ళూ అది మామూలు ఆకుపొద, దాన్ని తవ్వేసినా ఎవరికీ తెలియదు. 2006లో కేరళ ప్రభుత్వం వట్టవాడ, కొట్టకంబూరు ప్రాంతంలో 32 చదరపు కిలోమీటర్లు కురింజిమల అభయారణ్యంగా ప్రకటించింది. 2024లో ఈ మొక్క ఐయూసీఎన్ ఎర్రజాబితాలో ముప్పున్న జాతుల్లోకి ఎక్కింది.

2018 − 1838 = 180. పదిహేను పూతలు. గురుడు 15 × 11.86 = 177.9. తేడా రెండేళ్ళు దాటింది. డైరీలో నాన్న వరస చివర 2018 నేనే రాసి చేర్చాను. తర్వాతది 2030. ఆ ఏడు రాజమలలో పూస్తే వరసలో ఇంకో అంకె. పూయకపోతే ఎండలు పెరగడం వల్లనా, వానలు మారడం వల్లనా, ఇంకేదైనానా అని వెతకాలి. రెంటికీ సిద్ధంగా ఉండాలి. ఆరోగ్యం సహకరిస్తే వెళ్తాను.

మా మేనకోడలికి చివరికి ఏమీ వివరించలేదు. డైరీ పేజీ ఫొటో తీసి పంపాను. తాతయ్య చేతిరాత చూసి ఏడ్చానని రాసింది. కాసేపాగి మళ్ళీ అడిగింది, "కింద ఆ ఖాళీ ఎందుకు మామయ్యా?"

"ఆ లెక్క ఇంకా పూర్తి కాలేదమ్మా" అని రాశాను.